ఆరో పీట మీద ఇద్దరు

2026 జనవరి 19, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. బోధన్‌లో గంగాధర్ చక్కెర పేర్ల కార్ఖానా ముందు గదిలో కూర్చుని హాజరు రిజిస్టరులో వారం మొత్తాలు వేస్తున్నాను. లోపలి షెడ్డులో కేక వినిపించింది. లేవక ముందే గోడ గడియారం చూశాను. ముప్పై ఏళ్లకు పైగా నాకు అలవాటైన పని అది. కార్మికులకు ఏదైనా జరిగితే పంపే యాక్సిడెంట్ రిపోర్టులో సమయం రాసే గడి ఒకటి ఉంటుంది. తర్వాత అడిగితే ఏ ఇద్దరూ ఒకే సమయం చెప్పరు.

చక్కెర పేర్లంటే ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. బయటివాళ్ల కోసం రాస్తున్నాను. కాముని పున్నమప్పుడు, హోళీ ఆడే పిల్లల మెడలో వేసే చక్కెర బిళ్లల దండలవి. ముదురు పాకాన్ని టేకు అచ్చుల్లో దారం పెట్టి పోస్తారు. గట్టిపడ్డాక అచ్చు విప్పితే దారానికి బిళ్లలు వరుసగా అతుక్కుని వస్తాయి. జనవరి నుంచి హోళీ దాకా చేతి నిండా పని. ధర్మాబాద్, దెగ్లూర్ వైపు నుంచి మరాఠీ వ్యాపారులు కూడా వచ్చి బేరం మాట్లాడుకుని పోతారు. మిగతా ఏడాదంతా బతాసాలు, చక్కెర చిలకలు.

నాకు డెబ్భై ఒక్క ఏళ్లు. చక్కెర ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో, అంటే కార్మికులు వచ్చిన వేళ, పోయిన వేళ రాసే చోట, ఇరవై నాలుగు సంవత్సరాలు పని చేశాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరిలోని ఏడు చిన్న కార్ఖానాలకు రిజిస్టర్లు రాయడం మొదలుపెట్టాను. రెండు బేకరీలు, ఒక పసుపు మిల్లు, ఒక మరమరాల బట్టీ, ఇట్లాంటివి. గంగాధర్ దగ్గరికి బుధ, శనివారాలు వెళ్తాను. ఆ శనివారం జ్వరం వచ్చి వెళ్లలేకపోయాను, అందుకే సోమవారం వెళ్లాను. నా రిజిస్టరులో కొట్టివేత ఉండదు, దిద్దుడు ఉండదు. ఈ మాట గొప్పగా చెప్పుకునేదాన్ని.

లోపలికి వెళ్లేసరికి ఒక మనిషి నేల మీద కూర్చుని కుడి చేతిని గాలిలో పట్టుకుని ఉంది. పాకం మోసే చెంబు పిడి ఊడి, పాకమంతా మోచేతి నుంచి వేళ్ల దాకా పడింది. మరిగే నూనె పడితే జారిపోతుంది. పాకం అతుక్కుంటుంది. పక్కనున్న ఆడవాళ్లు నీళ్లు పోస్తున్నారు. ఆమె మూతికి గుడ్డ కట్టుకుని ఉంది, ఆవిరి పీల్చకుండా అందరూ కట్టుకుంటారు. కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఎవరీమె?" అని అడిగాను.

గంగాధర్ చెంబు పిడి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. "ఆరో పీట అక్కా. ఆరో పీట" అన్నాడు.

షెడ్డులో పనివాళ్లు కూర్చునే పీటలకు వరసగా అంకెలుంటాయి, ఆరో పీట అంటే నా రిజిస్టరులో రాజమణి. ముందు గదికి వచ్చి పేరు, తండ్రి పేరు, ఇన్సూరెన్స్ నంబరు చీటీ మీద రాసుకున్నాను. ఈలోగా ఆటో వచ్చింది, ఆమెను బోధన్ సర్కారు దవాఖానకు, అక్కడి నుంచి నిజామాబాద్‌కు తీసుకుపోయారు. సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు గంగాధర్ ఫోన్‌లోంచి యాక్సిడెంట్ రిపోర్టు పంపించాం. ఇరవై నాలుగు గంటల్లో పంపాలన్నది నియమం. ఆరు గంటలు కూడా కాలేదు. ఇంటికి నడిచి వస్తూ నాలో నేను కొంచెం సంతోషపడ్డానని ఒప్పుకోవాలి.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇఎస్‌ఐ అన్నది జీతగాళ్ల వైద్య బీమా. యజమాని నూటికి మూడుంపావు, పనిచేసేవాళ్లు ముప్పావు కడతారు. ఆ మనిషికీ కుటుంబానికీ వైద్యం, పనిలో దెబ్బ తగిలితే ఇంట్లో ఉన్న రోజులకు జీతంలో పెద్ద భాగం వస్తాయి. పది మంది పనిచేసే చోట తప్పనిసరి. గంగాధర్ ఏళ్ల తరబడి తొమ్మిది పేర్ల దగ్గర ఆగిపోయాడు. మిగతా రెండు పీటలను 'అప్పుడప్పుడు వచ్చేవారు' అని వేరే కాగితం మీద రాయించేవాడు. నేను రాసేదాన్ని. ఆ కాగితం మీద కూడా కొట్టివేతలు లేవు.

2025 జూలైలో ఒక అవకాశం వచ్చింది. ఇన్నాళ్లూ చేరని చిన్న కార్ఖానాలు ఆ ఏడాది చివరిలోగా తమంతట తాము చేరితే పాత సంగతులు అడగబోమన్నారు. ఏడు చోట్లా చెప్పాను. గంగాధర్‌కు మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఒప్పుకున్నాడు.

"నువ్వు జెప్తున్నవు గాబట్టి చేస్తున్న అక్కా. రేపు నేను మునిగితె నీ ఇంటి ముంగట్నే పీటేస్కొని కూసుంట."

"కూర్చో. హాజరు నేనే వేస్తాను" అన్నాను.

సెప్టెంబరు 10, బుధవారం నాడు నా బల్ల మీద పదకొండు ఆధార్ కార్డులు, పదకొండు బ్యాంకు పుస్తకాలు పెట్టాడు. పదకొండు పీటలు, పదకొండు పేర్లు. లెక్క సరిపోయింది. ఆ రోజే అందరినీ ఎక్కించాను. లోపలికి వెళ్లి ఒక్కరినీ పేరు పెట్టి పిలవలేదు.

హాజరు వేసే పద్ధతి కూడా చెప్పాలి. పొద్దున తొమ్మిదింటికి గంగాధర్ షెడ్డులోకి వెళ్లి, మనిషి కూర్చున్న ప్రతి పీట వెనక గోడ మీద సుద్దతో ఒక గీత గీస్తాడు. వాళ్ల నాయన కాలం నుంచీ అదే పద్ధతి. నేను వచ్చినప్పుడు ఆ గీతలను కాగితం మీద రాసిచ్చి, గోడ తుడిచేస్తాడు. నేను కాగితం చూసి రిజిస్టరులో ఎక్కిస్తాను.

ఇప్పుడు జనవరి 21, బుధవారం. ప్రమాదం జరిగిన మూడో రోజు. పదకొండు గంటలకు వెళ్లి కాగితం ముందు పెట్టుకున్నాను. ఒకటో పీట నుంచి పదకొండో పీట దాకా, మంగళవారం, బుధవారం, వరసగా హాజరు వేసుకుంటూ పోయాను. ఆరో పీట దాటి ఏడుకు, ఎనిమిదికి వెళ్లాను. తొమ్మిది దగ్గర చెయ్యి ఆగింది. వెనక్కి వచ్చి చూశాను. ఆరో పీట, రాజమణి: ఇరవయ్యో తారీఖు హాజరు, ఇరవై ఒకటి హాజరు. నా పెన్నుతో, నా చేత్తో వేసింది.

గంగాధర్ సుద్ద తప్పు గీశాడనుకుని షెడ్డులోకి వెళ్లాను. ఆరో పీట మీద ఒక మనిషి కూర్చుని అచ్చులో దారం సర్దుతోంది. చేతులు రెండూ బాగున్నాయి.

"ఎవరమ్మా నువ్వు?"

"నేనా అవ్వా? రాజమణిని."

"రాజమణి దవాఖానలో ఉంది కదా?"

ఆమె పక్క పీట వైపు చూసింది. ఐదో పీట మీద కూర్చున్నామె మూతి గుడ్డ కిందికి గుంజి నవ్వింది. "అవ్వకు తెల్వదే రాజమణీ. అవ్వ ఎన్నడన్న మొఖాలు జూసిందా? గీతలే జూస్తది."

రాజమణి లేచి నిలబడింది. "దవాఖాన్ల ఉన్నది సుజాత అవ్వా. మా తోడికోడలు. ఈ పీట మా ఇద్దరిది. ఒకనాడు నేనొస్త, ఒకనాడు ఆమె వస్తది. ఇంటికాడున్నామె పిల్లలను జూస్కొని బీడీలు జేస్తది. పీట ఖాళీగుంటె వేరేవాళ్లు కూసుంటరని నిన్న, ఇయ్యాల నేనే వచ్చిన."

ఖాళీ చక్కెర డబ్బా మీద కూర్చున్నాను. అడుగుతూ పోతే ఒక్కొక్కటీ బయటికి వచ్చింది. పదకొండు పీటల్లో ఐదు ఇద్దరివి. అత్తాకోడళ్లు రెండు జంటలు, అక్కచెల్లెళ్లు రెండు, తోడికోడళ్లు ఒకటి. పీట ఇంటిది, మనిషిది కాదు. గంగాధర్ నాయన పెట్టిన ఆచారం. ఎవరు వచ్చినా పీట నిండితే చాలు. వారం కూలి కూడా ఆ ఇంటికే ఇస్తాడు. తొమ్మిదేళ్ల పాటు వారానికి రెండుసార్లు నేను రాసినదాంట్లో, ఆ వేరే కాగితంతో కలిపి, ఉన్నది పదకొండు మంది. పని చేసింది పదహారు మంది. మనుషుల కంటే గీతలను ఎక్కువ నమ్మిన ముసలిదాన్ని నేను.

ముందు గదిలోకి వచ్చి గంగాధర్‌ను నిలదీశాను.

"ఐదుగురి పేర్లు ఎందుకు చెప్పలేదు?"

"మనిషికింత కట్టాలె గదక్కా. పదకొండు మందికే పానం పోతున్నది, పదహారైతె ఎట్ల? అందుకే పీటకొక్క పేరియ్యున్రి అన్న."

"మరి ఆ రోజు నేను ఎవరని అడిగినప్పుడు?"

"నువ్వడిగితివి, నేను పీట జెప్తిని. నేను ఎన్నడు పీటలతోనే పిలుస్త గదా. నువ్వు రాజమణి అని రాసినంక చూస్తె... సరే, కార్డున్నది ఆమెకే, మంచిగైంది అనుకున్న."

రాజమణి వాకిట్లో నిలబడి వింటోంది. ఆసుపత్రిలో తన కార్డు ఇచ్చి "ఈమె పేరు రాజమణి" అని చెప్పింది తనే. సుజాత కుడి చేయి కట్లలో ఉంది కాబట్టి వేలిముద్ర అడగలేదట. కార్డు మీద ఫోటో నాలుగేళ్ల నాటిది. సుజాతకు ఆరోగ్యశ్రీ లేదా అని అడిగాను. తల్లిగారింటి రేషను కార్డులో పేరు తీసేశారు, అత్తగారింటి కార్డులో ఇంకా ఎక్కలేదు. ఈ కార్డు ఒక్కటే దారి అనుకున్నారు.

"గీత చెరుపు అక్కా" అన్నాడు గంగాధర్. "రెండే గీతలు. ఇరవై, ఇరవై ఒకటి. రేపట్నుంచి ఆరో పీట మీద ఎవలను కూసోబెట్ట."

"నా రిజిస్టరులో చెరపడం ఉండదు."

"అయితె చెరపకు, చెప్పకు అవ్వా" అంది రాజమణి. "గామె చెయ్యి బాగుకానియ్యి. అటెన్క నన్ను జైల్లేస్తరో, ఏం జేస్తరో చేస్కోనియ్యి. దండం పెడ్త."

ఆమె నిజంగానే దండం పెట్టింది. నేను రిజిస్టరు మూసి సంచిలో పెట్టుకున్నాను. చెరపలేదు. చెప్పలేదు. నా పుస్తకం శుభ్రంగా ఉంది కాబట్టి నేనూ శుభ్రంగా ఉన్నానని అనుకున్నాను. నా పనిలో నేను చేసిన పెద్ద తప్పు ఇది.

శనివారం, 24న, నిజామాబాద్ వెళ్లి సుజాతను చూశాను. ఇరవై ఏడేళ్ల పిల్ల. మూతి గుడ్డ లేకుండా ఆమె ముఖం చూడటం అదే మొదటిసారి. కాలిన చర్మం తీసేసి, తొడ మీది చర్మం పలచగా తీసి అతికించాలని డాక్టర్లు అన్నారు. స్కిన్ గ్రాఫ్టింగ్ అంటారు. ఫిబ్రవరి 4న చేస్తామని చీటీ మీద రాసి ఇచ్చారు. ఆలస్యమైతే చర్మం ముడుచుకుని వేళ్లను లాగేస్తుందని కూడా చెప్పారు.

"నర్సమ్మ రాజమణీ రాజమణీ అని పిలుస్తదట, నేను పలుకుతలేనట అవ్వా" అంది సుజాత. "చెవుడా అని అడిగింది. అవునన్న."

నవ్వు వచ్చింది నాకు. ఆమెకు కూడా వచ్చింది. తర్వాత చిన్నగా అడిగింది. "అవ్వా, చెయ్యి నాది. బాగైతె ఎవల పేరు మీద బాగైనట్టు?"

"బాగవ్వనీ ముందు" అన్నాను. కాగితాల్లో రాజమణి పేరు మీదే అన్న జవాబు నా దగ్గర ఉంది. ఇవ్వలేదు.

ఫిబ్రవరి 2, సోమవారం, పన్నెండుంబావుకు ఇఎస్‌ఐ బ్రాంచి ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. ముప్పై అయిదేళ్లుంటాయి, నెమ్మదైన మనిషి. ప్రమాదం రిపోర్టు వస్తే అది నిజమా కాదా అని చూసుకోవడం వాళ్ల పని. వెరిఫికేషన్ అంటారు. ఊడిన చెంబు పిడి చూశారు, షెడ్డు చూశారు, టీ తాగారు. తర్వాత రిజిస్టరు అడిగారు.

రెండు పేజీలు తిప్పి, "ఇంత శుభ్రమైన రిజిస్టరు ఈ మధ్య చూడలేదు మేడం" అన్నారు. "ఒక్క దిద్దుడు కూడా లేదు."

జనవరి పేజీ తిప్పారు. వేలు ఆరో వరుస మీద పెట్టి పక్కకు జరుపుకుంటూ వచ్చారు. ఇరవై దగ్గర ఆగింది. ఇరవై ఒకటి దగ్గర ఆగింది.

"పంతొమ్మిదిన రాజమణి గారి చెయ్యి కాలింది. అదే రోజు ఆసుపత్రిలో చేరారు. ఇరవైన ఇక్కడ పనిలో ఉన్నారు. ఇరవై ఒకటిన కూడా. ఇది ఎవరు రాశారు మేడం?"

"నేనే."

"పొరపాటున పడిందా?"

గంగాధర్ నా ముఖంలోకి చూశాడు. అవును అంటే చాలు. ముప్పై ఏళ్లలో ఒక్క పొరపాటు ఎవరికైనా ఉంటుంది. నోరు తెరిచాను, ఆ మాట రాలేదు. నిజాయితీ అని చెప్పుకోను. నా రిజిస్టరులో పొరపాటుందని నా నోటితో అనలేకపోయాను. అంతే.

"పొరపాటు కాదు. రాజమణి ఆ రెండు రోజులూ వచ్చింది. కాలింది ఆమె చెయ్యి కాదు."

అంతా చెప్పాను. పీటలు, జంటలు, సుద్ద గీతలు, ఆసుపత్రిలో ఇచ్చిన కార్డు. పదహారు మంది పేర్లు, ఏ పీట ఎవరిదో, ఒక కాగితం మీద వరసగా రాసి ఇచ్చాను. నాకు ఎప్పుడు తెలిసిందో కూడా రాశాను: 21 జనవరి, పదకొండు గంటల తర్వాత.

ఆఫీసరు ఆ కాగితం రెండుసార్లు చదివి తన ఫైలులో పెట్టుకున్నారు. కోపం చేయలేదు. ఆయన కోపగించుకుని ఉంటే తేలికగా ఉండేది.

"మొదటి రోజే సుజాత పేరు రాసి పంపితే సరిపోయేది కదండీ" అన్నారు.

"ఆమె పేరు ఎక్కలేదు సార్" అన్నాడు గంగాధర్. "ఎక్కని మనిషికి ఎవలిస్తరు?"

"పేరు ఎక్కించకపోవడం మీ తప్పు. దాని సంగతి మీతో తేల్చుకునేవాళ్లం. పని చేసిన మనిషి పని చేసిన మనిషే. దెబ్బ పనిలో తగిలింది. మొదటి రోజు నుంచీ ఆమెకు హక్కుంది."

గంగాధర్ గోడకు ఆనుకున్నాడు. ఫ్యాక్టరీలో ఇరవై నాలుగేళ్లు ఇవే నియమాల మధ్య కూర్చున్నదాన్ని. ఎక్కని పేరుకు కూడా హక్కుంటుందన్న సంగతి నాకు తెలిసి ఉండాల్సింది. ఎక్కడో చదివే ఉంటాను. కానీ నా మనసులో రిజిస్టరులో లేని మనిషి లేనే లేదు.

ఆయన వెళ్లబోతూ ఇంకో మాట అన్నారు. "పదహారు మందిని రాస్తే ఖర్చు పెరుగుతుందని కదా మీ భయం? కట్టేది జీతం మీద, తలల మీద కాదు."

గంగాధర్ నావైపు తిరిగాడు. "మనిషికింత గాదా అక్కా?"

"నూటికి నాలుగు" అన్నాను. "నెల జీతాలు మొత్తం లక్షయితే నాలుగు వేలు. ఆ లక్షను పదకొండు మంది పంచుకున్నా, పదహారు మంది పంచుకున్నా నాలుగు వేలే."

"మరి నాకు జెప్పలే?"

చెప్పాను. సెప్టెంబరులో నూటికి నాలుగు అని చెప్పాను. నూటికి నాలుగు అంటే ఎవరికైనా తెలుస్తుందనుకున్నాను. చక్కెర ముదురుపాకం చేతివేళ్లతో చూసి చెప్పగల మనిషికి శాతం లెక్క తెలుసా లేదా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన భయం వల్ల ఒక్క రూపాయి మిగలలేదు. ఐదుగురి పేర్లు మాత్రం పోయాయి.

ఆసుపత్రిలో ఫిబ్రవరి 4 నాటి ఆపరేషన్ ఆగిపోయింది. ఆగక తప్పదు. కార్డు ఒకరిది, చెయ్యి ఒకరిది అని తేలాక ఏ ఆసుపత్రి కత్తి పట్టుకుంటుంది? సుజాత పేరు కొత్తగా ఎక్కించడం, మొదటి రిపోర్టు వెనక్కి తీసుకుని రెండోది పంపడం, రాజమణి రాతపూర్వకంగా తప్పు ఒప్పుకోవడం, సాక్షుల వాంగ్మూలాలు, ఆసుపత్రి కాగితాల్లో పేరు మార్పించడం. ఒక్కో కాగితం వెనక ఇంకో కాగితం. ఎవరూ కావాలని ఆపలేదు. అబద్ధం ఒక్క గంటలో ఎక్కింది, దాన్ని దించడానికి ఇన్నాళ్లు పట్టింది. రోజూ పొద్దున బస్సెక్కి నిజామాబాద్ వెళ్లి అడిగి వచ్చేదాన్ని. రోజుకో మడత చొప్పున సుజాత వేళ్లు బిగుసుకోవడం నా కళ్లతో చూశాను.

ఒకరోజు ఆసుపత్రి మెట్ల మీద రాజమణి నాతో మాట్లాడింది. "నువ్వు ఆనాడే చెప్తె అయిపోవు గదా అవ్వా. నేను చెప్పకన్న. నిజమే. నేను సదువుకోలె. నువ్వు సదువుకున్నవు గదా."

కోపంగా అనలేదు. అడిగింది, అంతే.

గ్రాఫ్టింగ్ ఫిబ్రవరి 27న, శుక్రవారం జరిగింది. సుజాత పేరు మీదే జరిగింది. మోచేయి, మణికట్టు బాగయ్యాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు మాత్రం పూర్తిగా తెరుచుకోవు. 4వ తారీఖున చేసి ఉంటే ఈ రెండు వేళ్లు బాగుండేవా అని డాక్టరును అడిగాను. "చెప్పలేనమ్మా. అవకాశం ఎక్కువ ఉండేది" అన్నారు. ఆ జవాబు ఎన్నిసార్లు కూడినా ఒకే మొత్తం వస్తుంది.

రాజమణిని హెచ్చరించి వదిలేశారు. గంగాధర్ కట్టాల్సింది కట్టాడు. ఇప్పుడు ఇద్దరి పీటలు లేవు, ఎవరి పేరు వారికే, ఎవరి పీట వారికే. మంచిదే కదా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. పదహారు పేర్లు ఎక్కిద్దామని మార్చి నెలలో షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ పిలిచాను. ముగ్గురు తమ పేర్లు ఇవ్వబోమన్నారు. వాళ్లకు బీడీ కార్మికుల పింఛను వస్తోంది. ఇక్కడ పేరు ఎక్కితే అక్కడ పోతుందేమోనని భయం. పోతుందో లేదో అడిగి వచ్చి చెప్తానన్నాను. "అడగకు అవ్వా, అడిగితె పేరు బయటికొస్తది" అని పీట వదిలి వెళ్లిపోయారు. వాళ్లు వచ్చిన రోజుల్లో వాళ్ల కోడళ్లకు, చెల్లెళ్లకు దొరికిన ఇంటి తీరిక కూడా పోయింది. ఒకరోజు పని, ఒకరోజు ఇల్లు అన్న వెసులుబాటు ఏ ఫారంలోనూ పట్టదు. ఆ గడి ఎవరూ గీయలేదు. గీయమని అడగాల్సిన మనుషుల్లో నేనొకదాన్ని.

ఈ కేసు నేర్పింది నా తర్వాత ఈ పని చేసేవాళ్లకు చెప్తున్నాను. కొత్త చట్టం వచ్చినప్పుడు చిన్న కార్ఖానాకు వెళ్లి ముందు నియమం చదవకండి. పొద్దున తొమ్మిదింటికి లోపలికి వెళ్లి, మూతి గుడ్డలు తీయమని, పేర్లు అడగండి. ఒకరోజు కాదు, వారం పాటు వరసగా వెళ్లండి. ఎవరు ఎవరితో పని పంచుకుంటున్నారో తెలుసుకోండి. డబ్బు ఎంత కట్టాలో యజమానికి చెప్పాక, ఆయనతో తిరిగి చెప్పించుకోండి. పుస్తకంలో తప్పు రాయకపోవడం సగం పని మాత్రమే. తప్పు జరుగుతోందని తెలిసిన గంటలోనే నోరు విప్పడం మిగతా సగం. నేను ఇప్పుడు ఏడు చోట్లా పేరు పిలిచి హాజరు వేస్తున్నాను. పసుపు మిల్లులో ఒకాయన "ఏందవ్వా, మళ్ల బడి వెట్టినవా?" అన్నాడు. పెట్టానని చెప్పాను.

పోయినవాటి లెక్క ఇది.

సుజాత కుడి చేతి వేళ్లు: రెండు.

ఆపరేషన్ ఆలస్యమైన రోజులు: ఇరవై మూడు.

సుజాత రోజుకు చుట్టే బీడీలు: అంతకుముందు ఏడు వందలు, ఇప్పుడు రెండు వందల యాభై.

హోళీకి ధర్మాబాద్ పోవాల్సిన చక్కెర పేర్లు తొమ్మిది క్వింటాళ్లు, పోయినవి ఆరు.

పీట వదిలి వెళ్లిన ఆడవాళ్లు: సుజాతతో కలిపి నలుగురు.

ఖాళీగా ఉన్న పీట: ఒకటి, ఆరోది. రాజమణి పేరు ఉంది, ఆమె దాని మీద కూర్చోవడం లేదు. ఐదో పీట పక్కన కింద కూర్చుని పని చేస్తోంది.

జనవరి 21 నుంచి ఫిబ్రవరి 2 దాకా, నాకు తెలిసి కూడా నేను చెప్పని రోజులు: పన్నెండు.